అక్తరున్నీసా ఇల్లు కొన్న ఏడాది

వన్ టౌన్‌లో ఇల్లు కొంటున్నానని అక్తరున్నీసా చెప్పగానే చుట్టాలందరూ కూడబలుక్కున్నట్టు ఆమెను భయపెట్టారు. ఇంటి గురించి కాదు, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి.

"పైవాటా ఆయన ఎన్నో ఏళ్ళ నుంచి పాతుకుపోయాడంట. ఇక కదలడు చూడు" అన్నాడు మేనమామ. "వాళ్ళతో నవ్వుతూ మాట్లాడబాకు. నెత్తికెక్కుతారు" అంది ఆడపడుచు. "అద్దె ఒక్క నెల ఆలస్యమైనా ఊరుకోవద్దు. ఇవాళ ఊరుకుంటే రేపు ఇల్లు నాదేనంటారు" అన్నాడు భర్త కరిముల్లా పనిచేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మేనేజరు. ఆయనకు మూడు ఇళ్ళున్నాయి, కోర్టులో రెండు కేసులున్నాయి.

ఆమె అన్నీ విన్నది, అన్నీ నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె ఇళ్ళలోనే బతికిన మనిషి ఆమె. భవానీపురంలో ప్రస్తుతం ఉంటున్న ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుగారిని అడగాలి. చుట్టాలొచ్చి రెండ్రోజులు ఎక్కువుంటే నీళ్ళ మోటారు సంగతి ఎత్తుతారు. అటువైపు నిలబడి ఓనర్లంటే భయపడినన్నాళ్ళు భయపడింది. ఇప్పుడు ఇటువైపుకొచ్చి అద్దెకున్నవాళ్ళంటే భయపడడం మొదలుపెట్టింది.

కళ్ళు మందగించాక మిషన్ మీద బతకలేనని ఆమెకు తెలుసు. దారం సూదిలోకి ఎక్కించడానికి ఇప్పటికే రెండుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది. పిల్లలు లేరు. నెలనెలా అద్దె వస్తే చాలనుకుంది. అందుకే కుట్టుకూలిలో మిగిల్చింది, తల్లి వైపు నుంచి వచ్చిన బంగారం, కరిముల్లా పీఎఫ్, కొంత బ్యాంకు లోను కలిపి ఆ పాత డాబా కొన్నది. కింద ఒక వాటా, పైన ఒక వాటా. తోపుడుబండి పట్టేంత సందు. ఆటో మలుపు దగ్గరే ఆగిపోతుంది.

కాగితాల విషయంలో ఆమె చాలా జాగ్రత్తపడింది. ఈసీ తీయించింది. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించింది. ఇంటిపన్ను ఎవరు కట్టారో, కరెంటు మీటరు ఎవరి పేరునుందో స్వయంగా వెళ్ళి కనుక్కుంది. "పేపర్లు అద్దంలా ఉన్నాయమ్మా. కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అన్నాడు లాయరు. నిజంగానే కళ్ళు మూసుకుని కొన్నట్టయింది. ఇల్లు చూడ్డానికి వెళ్ళింది ఒక్కసారే, మాఘమాసంలో, ఎండ హాయిగా ఉన్న పూట. లోపల కొత్తగా వేసిన తెల్ల రంగు వాసన కొడుతోంది. ఆమె తలెత్తి కప్పు చూసి, ఎంత శుభ్రంగా ఉందో అనుకుని దించుకుంది. అమ్మబోయే ఇంటికి అంత హడావిడిగా రంగు ఎందుకు వేశారని ఆమెకు గానీ, కరిముల్లాకు గానీ తోచలేదు.

పైవాటాలో వెంకటప్పయ్య, ఆయన భార్య రావమ్మ ఉంటారు. వాళ్ళది చల్లపల్లి దగ్గర పల్లె. నేతపని చేసే కుటుంబాల నుంచి చీరలు తెచ్చి వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లకు వేస్తాడాయన. కింది వాటాలో జెస్సికా ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఎక్కువగా రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రానికి గానీ లేవదు.

మొదటి నెలల్లో భయపడ్డంత ఏమీ జరగలేదు. అద్దెలు వేళకి వచ్చాయి. అయినా అక్తరున్నీసా అటువైపు వెళ్ళేది కాదు. వెళితే ఏదో ఒకటి అడుగుతారని భయం. పైపు మార్చమంటారు, తలుపు బాగుచేయించమంటారు. కాదనలేక, అవుననలేక ఇబ్బంది. ఫోన్‌లో జెస్సికా పేరు కనిపిస్తే ఎత్తాలా వద్దా అనుకునేది.

ఆషాఢం చివర్లో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆ పేరే కనిపించింది.

"ఆంటీ, మీరు ఒకసారి రాగలరా? కప్పు నుంచి పెచ్చు ఊడిపడింది. నా మంచం పక్కనే."

"దెబ్బ తగిలిందామ్మా?"

"లేదాంటీ. కానీ మీరు చూస్తే మంచిది."

కత్తిరించడానికి పరిచిన గుడ్డ అలాగే వదిలేసి అక్తరున్నీసా ఆటో ఎక్కింది. జెస్సికా గుమ్మంలోనే నిలబడి ఉంది. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కింది వాటాలో ముందుగది, నడిమి గది, వెనక వంటగది. జెస్సికా పడుకునేది నడిమి గదిలో. మంచం పక్కన నేలంతా సిమెంటు ముక్కలు. ఒక ముక్క చపాతీ పీటంత ఉంది. అక్తరున్నీసా తలెత్తి చూసింది. తెల్ల రంగు ఊడిపోయిన చోట గోధుమరంగు చువ్వలు బయటికొచ్చాయి. తుప్పు పట్టి ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. వాటి పక్కనుంచి సన్నటి పగులు ఒకటి గది మధ్యకి పాకి ఉంది. తడి మరక ఇటు గోడ నుంచి అటు గోడ దాకా ఉంది.

ఆమె వంగి ఆ పెద్ద ముక్కని చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన ఏడాది కూడా రాలిందాంటీ. పాత ఓనరుగారికి చెప్పాను. గీకించి, సిమెంటు పూయించి రంగేశారు. ఆ వెంటనే మీకు అమ్మారు. ఈ మధ్య రోజూ దుప్పటి మీద పిండిలా రాలుతోంది."

"మరి నాకు ముందే చెప్పలేదేం?"

"చెబితే ఖాళీ చేయమంటారేమో అని. ఇంత దగ్గర్లో నాకు మళ్ళీ ఇల్లు దొరకదు."

అక్తరున్నీసాకి ఆ పిల్ల మీద కోపం రాలేదు. తనూ అద్దె ఇళ్ళలో ఎన్ని దాచిందో గుర్తొచ్చింది. కారే కుళాయిల కింద బాల్చీలు పెట్టుకుని గడిపిన నెలలు గుర్తొచ్చాయి.

పైకి వెళ్ళింది. రావమ్మ మర్యాదగా కుర్చీ వేసింది. అక్తరున్నీసా కూర్చోలేదు. ఆమె చూపు నడిమి గదిలోకి పోయింది. జెస్సికా మంచానికి సరిగ్గా పైన ఉండే గది అది. నేల కనిపించడం లేదు. గుడ్డల బేళ్ళు, చీరల మూటలు, అట్టపెట్టెలు నడుమెత్తుకు మించి పేర్చి ఉన్నాయి. శ్రావణమాసం అమ్మకాల కోసం దింపిన సరుకు. కింద వాళ్ళకి కప్పు, పైన వాళ్ళకి నేల, రెండూ ఒకటే శ్లాబని ఇన్నాళ్ళూ ఆమె మనసుకు తట్టనేలేదు. ఇప్పుడు ఆ బరువంతా తన గుండెల మీదే పేర్చినట్టు అనిపించింది.

ఇంటికొచ్చి చెబితే కరిముల్లా తేలిగ్గా తీసుకున్నాడు. "పాత ఇళ్ళన్నాక పెచ్చులూడవా? మేస్త్రీని పంపి పూత వేయిద్దాం."

"పాతాయన వేయించింది పూతేగదండీ."

"పోనీ ఇంజనీరుకి చూపించు. కానీ అక్తర్, ఆ మాట బయటికి పొక్కనీకు. కిందమ్మాయి వెళ్ళిపోతే మళ్ళీ ఎవరూ రారు. లోను కిస్తీ ఆగదు."

ఆయన అన్నదీ నిజమే. ఆ సాయంత్రమంతా ఆమెకు రెండు భయాలు ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. చెబితే ఇల్లు ఖాళీ. చెప్పకపోతే ఆ పిల్ల రేపు పొద్దున మళ్ళీ వచ్చి ఆ మంచం మీదే పడుకుంటుంది. చివరికి ఫోన్ చేసి, "నువ్వు ఇవాల్టి నుంచి ఆ గదిలో పడుకోవద్దు. ముందుగదిలోనూ వద్దు. ఆసుపత్రి హాస్టల్లో సర్దుకో. ఈ నెల అద్దె ఇవ్వక్కర్లేదు" అని చెప్పేసింది. చెప్పాక మనసు కుదుటపడ్డట్టే అనిపించింది.

జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ భర్త దేవేంద్ర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, కట్టడాలు పరీక్షించే పని కూడా చేస్తాడు. మర్నాడే వచ్చాడు. చిన్న సుత్తితో కప్పు మీద తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల గట్టిగా పలికింది. నడిమి గది మధ్యకొచ్చేసరికి డొల్ల చప్పుడు. పైకి వెళ్ళాడు. వంటగది తూము, స్నానాలగది నేల చూశాడు. బేళ్ళు చూడగానే ఆయన అడుగు ఆగిపోయింది. గదిలోకి పోకుండా గుమ్మంలోంచే చూసి కిందికి దిగాడు.

"స్నానాలగది నీళ్ళు ఏళ్ళ తరబడి శ్లాబులోకి దిగుతున్నాయమ్మా. చువ్వల్ని తుప్పు సగం తినేసింది. ఉత్త మనుషులు తిరిగితే ఇంకొన్నాళ్ళు ఆగేదేమో. ఆ బేళ్ళ కింద ఆగదు."

"ఎప్పుడు పడుతుందండీ?"

"చెప్పలేను. అదే భయం. ఇవాళ్టి నుంచే సరుకు దించాలి. కింద జాకీలు పెట్టి ఆపాలి. తర్వాత ఆ భాగం కొట్టేసి కొత్త శ్లాబు పోయాలి. అప్పటిదాకా ఎవరూ ఉండకూడదు. పూత వేసి మాత్రం ఊరుకోవద్దు. పూత తుప్పును ఆపదు, కనపడకుండా చేస్తుంది, అంతే."

ఆయన ముఖం చూసి కరిముల్లా కూడా పూత మాట వదిలేశాడు.

ఇక వెంకటప్పయ్యతో చెప్పాలి. అక్తరున్నీసా మెట్లెక్కింది. మెట్టు మెట్టుకీ, ఈ బరువుకైనా ఆగుతుందా అని భయం. ఆయన వాకిట్లో కూర్చుని చీరల మడతలు సరిచూసుకుంటున్నాడు. అంతా విన్నాడు. మడత పెట్టడం ఆపలేదు.

"అయిపోయిందాండీ చెప్పటం?" అన్నాడు చివరికి. "పాతాయన కూడా ఇట్టాగే వచ్చాడు. ఒకసారి పైపులు మార్చాలన్నాడు. ఒకసారి మా తమ్ముడొస్తున్నాడన్నాడు. నేను కదల్లేదు. అమ్ముకుని పోయాడు. ఇప్పుడు మీరు కప్పు పడిపోతదంటున్నారు."

"అబద్ధం కాదండీ. ఇంజనీరు చూశారు."

"ఇంజనీరు మీరు తెచ్చుకున్నాయనేగా. శ్రావణమాసం ముంగిట్లో సరుకు దించమంటే నన్ను చంపుకోమన్నట్టే. ఖాళీ చేయించి, రిపేరని రెండింతలు అద్దె పెంచి ఇంకోళ్ళకిస్తారు. మాకు తెలవదా అమ్మగారూ?"

రావమ్మ లోపలి నుంచి ఆందోళనగా చూస్తోంది. అద్దెకున్నవాళ్ళు మొండికేస్తే ఎలా గదమాయించాలో అక్తరున్నీసాకి అందరూ నేర్పారు గానీ, తన మాట నమ్మకపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. లాయరుని పంపొచ్చు. నోటీసివ్వొచ్చు. నోటీసు ఆయన చేతికి అంది, జవాబు వచ్చేలోగా ఆ శ్లాబు ఆగుతుందా?

"ఒక్కసారి నాతో కిందికి రండి" అంది.

"ఎందుకండీ?"

"మీ నేల కింద ఎలా ఉందో చూడండి. చూశాక కూడా కదలనంటే ఇక అడగను."

ఆయన విసుగ్గా లేచాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నా, కింది వాటాలో ఆయన అడుగు పెట్టింది లేదు. ఆడపిల్ల ఒక్కతీ ఉండే ఇల్లని ఎప్పుడూ గుమ్మం దాటలేదు. జెస్సికా పొద్దున తాళం అక్తరున్నీసాకే ఇచ్చి వెళ్ళింది. నడిమి గది గుమ్మం దగ్గర ఇద్దరూ ఆగారు. ముందు రోజు కన్నా పెచ్చులు ఎక్కువ ఊడి ఉన్నాయి. మంచం మీద పరిచిన పూల దుప్పటి బూడిద చల్లినట్టు తెల్లబారింది. వెంకటప్పయ్య తలెత్తి చూశాడు. చువ్వలు చూశాడు. పగులు చూశాడు. ఆయన చూపు మెల్లగా పగులు వెంబడి పోయి, ఆ పైన తన బేళ్ళు ఎక్కడ ఉన్నాయో లెక్కగట్టుకున్నట్టు ఆగిపోయింది. వాళ్ళు చూస్తుండగానే చిన్న ముక్క ఒకటి ఊడి దుప్పటి మీద టప్పున పడింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి అడుగేశాడు.

"ఈ పిల్ల దీని కిందే పడుకుంటందా?"

"నిన్నటిదాకా."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నా సరుకు కిందే" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

బయటికి వచ్చాక అన్నాడు. "దించుతానమ్మా. కానీ నాకు ఒక మాట కాగితం మీద కావాలి. బాగుచేశాక మళ్ళీ మమ్మల్నే పెడతానని, ఇదే అద్దెకని. నోటిమాట మీద బయటికెళ్ళి రోడ్డున పడ్డవాళ్ళని చూశాను."

చుట్టాలు చెప్పినవన్నీ ఆమె చెవుల్లో గింగురుమన్నాయి. పాత మనిషి తనంతట తను బయటికెళుతుంటే మళ్ళీ రమ్మని రాసిచ్చే ఓనరు ఎవరుంటారు? బయట నిలబడి ఉన్న కరిముల్లా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు కూడా. కానీ ఆమెకు అప్పటికే అర్థమైంది. ఆయన భయం తీరితే తప్ప తన భయం తీరదు. ఆ సాయంత్రమే స్టాంపు పేపరు తెప్పించి రాసిచ్చింది. సరుకు గదిలో ఎంత పెట్టొచ్చో, తూము ఎవరు బాగుచేయించాలో, రిపేరు ఉంటే ఎవరికి చెప్పాలో కూడా అందులో రాయించింది. కొన్నరోజే రాయించాల్సిన మాటలవి.

మర్నాడు పొద్దున తోపుడుబళ్ళు వచ్చాయి. సన్నగా తుప్పర పడుతోంది. దేవేంద్ర సందులో నిలబడి గట్టిగా చెబుతున్నాడు. "ఇద్దరు మనుషులే లోపలికెళ్ళండి. మధ్యలో బేళ్ళు ముందు తియ్యండి. నేల మీద వెయ్యొద్దు, చేతికి చేతికి అందించుకోండి. నడిస్తే గోడవారగా నడవండి." జాకీలు బిగించే మనుషులు ఇనుప గొట్టాలతో వచ్చి బయట కాచుకుని ఉన్నారు. పైన బరువు తగ్గేదాకా వాళ్ళను కింద అడుగు పెట్టనివ్వనన్నాడు.

ఒక్కో బేలు మెట్లు దిగుతుంటే అక్తరున్నీసా ఊపిరి బిగబట్టి చూసింది. కూలీ కాలు ఎక్కడ పడుతుందోనని చూసింది. గదిలోంచి ఏ చిన్న చప్పుడొచ్చినా దేవేంద్ర వైపు తిరిగింది. మధ్యాహ్నానికి చాలావరకు ఖాళీ అయింది. గోడవార ఉన్న పెట్టెలే మిగిలాయి. అందరూ సందులో టీ తాగుతున్నారు. అప్పుడు వెంకటప్పయ్య చుట్టూ చూసి, "రావమ్మ ఏది?" అన్నాడు.

రావమ్మ ఇందాకే పైకి వెళ్ళడం బండి దగ్గరి మనిషి చూశాడట. వెంకటప్పయ్యది షుగరు. ఇన్సులిను ఫ్రిజ్‌లో ఉండిపోయిందని తేవడానికి వెళ్ళింది. ఫ్రిజ్ వంటగదిలో ఉంది. వంటగదికి దారి నడిమి గదిలోంచే.

మెట్లకు దగ్గరగా ఉన్నది అక్తరున్నీసా. ఎవరు వద్దన్నారో, ఎవరు కేకేశారో ఆమెకు తెలియదు. పైకెక్కి ముందుగది దాటేసరికి రావమ్మ అటువైపు వంటగది గుమ్మంలో కనిపించింది. చేతిలో చిన్న అట్టపెట్టె. ఇద్దరి మధ్యా నడిమి గది, నేల దాదాపు ఖాళీగా. రావమ్మ ఒక అడుగు ముందుకేసింది.

అప్పుడు వచ్చింది చప్పుడు. కొత్త గుడ్డని రెండు చేతులా పట్టుకుని చింపితే వచ్చేలాంటి చప్పుడు, నేలలోంచి.

రావమ్మ ఉన్నచోటనే బిగుసుకుపోయింది. గది మధ్యలో గచ్చు మీద సన్నటి గీత పడింది. ఆ గీతకి అటువైపు నేల కొంచెం వాలి ఉంది.

"రావమ్మగారూ, ముందుకి రాబాకండి! గోడ పట్టుకోండి!"

"కాళ్ళు రావట్లేదమ్మా" అంది రావమ్మ. ఆమె పెదవులు తెల్లబారిపోయాయి. "రావట్లేదు."

అక్తరున్నీసాకి కూడా కాళ్ళు రాలేదు. వెనక్కి తిరిగి దిగిపోవాలనిపించింది. ఆ క్షణంలో నిజంగా అదే అనిపించింది. ఇల్లు పోయినా పోనీ, నేను దిగిపోతాను అనుకుంది. కానీ రావమ్మ తన కళ్ళలోకే చూస్తోంది. అక్తరున్నీసా చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి, పక్కకి పక్కకి జరగడం మొదలుపెట్టింది. పాదం కింద గచ్చు చల్లగా తగులుతోంది. ప్రతి అడుగూ ఆనించాక, అది ఆగుతుందని తెలిశాకే రెండోది తీసింది. నోట్లో దువా తిరుగుతోంది గానీ మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. కిటికీ చేరాక ఒక చేత్తో ఊచ పట్టుకుని రెండో చెయ్యి చాచింది.

"నా చెయ్యి పట్టుకోండి. కిందికి చూడొద్దు. నా ముఖం చూడండి."

రావమ్మ చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఇద్దరూ గోడని కరుచుకుని వచ్చారు. ముందుగది కూడా దాటి మెట్ల మీద కాలు పెట్టగానే వెంకటప్పయ్య భార్యని అందుకుని దాదాపు ఎత్తుకుని దించాడు. వాళ్ళు సందులోకి వచ్చి, ఎదురింటి అరుగు మీద కూలబడ్డ కాసేపటికి లోపల దభేలుమంది. కిటికీలోంచి దుమ్ము బుస్సున బయటికొచ్చింది. ఎవరూ కదల్లేదు. దుమ్ము అణిగాక దేవేంద్ర టార్చి వేసి గుమ్మంలోంచి చూశాడు. నడిమి గది కప్పులో పెద్ద ముక్క ఊడి జెస్సికా మంచం మీద పడింది. ఇనుప మంచం మధ్యకి విరిగి నేలకంటుకుపోయింది.

రావమ్మ పిడికిట్లో ఇన్సులిను పెట్టె నలిగిపోయి ఉంది. వదలమంటే వేళ్ళు విప్పలేకపోయింది. అక్తరున్నీసా ఒక్కొక్క వేలూ తీసింది. అప్పుడు ఏడ్చింది ఆమె, రావమ్మ కాదు.

సాయంత్రం జెస్సికా వచ్చి మంచం చూసి వెళ్ళింది. రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసి, "ఆంటీ, నేను ఇక రాలేను. మీ తప్పేం లేదు. ఆ గుమ్మం దగ్గరికొస్తే ఊపిరాడట్లేదు" అంది. అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చి, కొత్త మంచం కూడా కొనిపెట్టింది అక్తరున్నీసా.

శ్లాబు కొట్టి, కొత్తగా పోసి, స్నానాలగది నేల తవ్వి పైపులన్నీ మార్చేసరికి దీపావళి దాటింది. ఆ నెలల్లో అద్దె లేదు, కిస్తీ మాత్రం ఉంది. మామూలుగా ఒప్పుకోని బ్లౌజులు కూడా ఒప్పుకుని కుట్టింది. వచ్చిన అద్దెలో కొంత రిపేర్లకని పక్కన పెట్టాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఇంత నలిగేది కాదు. ఇప్పుడు ఆమె మొదట తీసిపెట్టేది అదే. వెంకటప్పయ్య, రావమ్మ రాసుకున్న ప్రకారం తిరిగొచ్చారు. సరుకు మాత్రం వేరే గోడౌనులో పెట్టుకున్నాడు. ఆషాఢం వస్తే ఆయనే ముందు ఫోన్ చేస్తాడు. "అమ్మగారూ, ఇంజనీరుగారిని ఒకసారి పిలుద్దామా?" అని.

కింది వాటాకి అద్దెకు అడగడానికి వచ్చిన వాళ్ళకి ఆమె జరిగినదంతా చెప్పింది. సగం మంది మధ్యలోనే లేచిపోయారు. మిగతావాళ్ళకి ఇవ్వడానికి ఆమెకే మనసొప్పలేదు. చివరికి భవానీపురం ముందుగదిలోంచి మిషన్ తెచ్చి అక్కడే వేసుకుంది. దేవేంద్ర ఎన్నిసార్లు భయం లేదన్నా, ఆ కప్పు కింద తాను కూర్చోకుండా ఇంకొకరిని కూర్చోబెట్టలేనంది. పైన రావమ్మ చేతిలోంచి గిన్నె జారితే ఇప్పటికీ మిషన్ తొక్కే కాలు ఆగిపోతుంది. తలెత్తి చూస్తుంది. కాసేపటికి మళ్ళీ తొక్కుతుంది.

చెల్లెలు సల్మా గొల్లపూడి వైపు ఫ్లాటొకటి కొని అద్దెకివ్వాలనుకుంటోంది. పోయిన ఆదివారం అక్కని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. అమ్మేవాళ్ళు కాఫీలు ఇచ్చారు, డాక్యుమెంట్ల జెరాక్సులు ముందే తీసిపెట్టారు. హాల్లో అందమైన ఫాల్స్ సీలింగు, చుట్టూ లైట్లు. సల్మా మురిసిపోయింది. అక్తరున్నీసా స్నానాలగదిలోకి వెళ్ళి గోడలు తడిమింది. ఆ సీలింగులో ఒక పలక తీయించి పైన చూడాలంది.

"ఎందుకండీ? అంతా కొత్తదే" అన్నాడు అమ్మే ఆయన నవ్వుతూ. ఆ నవ్వు అంత బాగోలేదు.

"ఆపా, పరువు తీయకు" అని చెవిలో గొణిగింది సల్మా.

ఆ ఫ్లాటులో ఇంకా అద్దెకున్నవాళ్ళే ఉన్నారు. ఆయన ఫోన్ మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళినప్పుడు అక్తరున్నీసా వంటింట్లో ఉన్న ఇల్లాలి దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది. "వానాకాలం పైనుంచి నీళ్ళేమన్నా దిగుతాయామ్మా?"

ఆవిడ చప్పున బాల్కనీ వైపు చూసింది. "లేదండీ. ఏం లేదు" అంది గబగబా.

కిందికి దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు సల్మా కోపంగా ఉంది. "లేదని అందిగా ఆపా ఆవిడ. ఇంకేం కావాలి నీకు?"

"అంది. ఆయన వైపు చూసి అంది." అక్తరున్నీసా కొంగు బిగించుకుంది. "తొందరేం లేదు సల్మా. గట్టిగా వాన పడ్డ రోజున మళ్ళీ వద్దాం. ఆయన లేనప్పుడు."